యాభై ఏళ్లకు అదే మందిరంలో అదే కృతి: మోంటెవెర్డి గాయక బృందం స్వర్ణోత్సవ కచేరీ

2014 మార్చి 5, బుధవారం. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో కింగ్స్ కాలేజీ చాపెల్. మోంటెవెర్డి గాయక బృందం అర్ధశతాబ్ది పూర్తిచేసుకున్న సందర్భంగా ఆ ప్రార్థనా మందిరంలో జరిగిన కచేరీని బ్రిటన్ ప్రజా ప్రసార సంస్థ బీబీసీ తన రేడియో 3 ద్వారా ప్రత్యక్ష ప్రసారం చేసింది. ఆ సాయంత్రం ఆలపించినది ఇటలీ స్వరకర్త క్లౌడియో మోంటెవెర్డి 1610లో ప్రచురించిన 'వెస్పర్స్', అంటే మరియమాత స్తుతిగా కూర్చిన సాయంకాల ప్రార్థనా గానం. కచేరీని నడిపించినవారు బృంద స్థాపకులు జాన్ ఎలియట్ గార్డినర్. సరిగ్గా యాభై ఏళ్ల క్రితం, 1964 మార్చి 5న, ఆ మందిరంలోనే, ఆ కృతినే, ఆయనే నడిపించారు. అప్పుడాయన వయస్సు 20. కాలేజీ చదువు ఇంకా పూర్తికాలేదు. 2014 నాటికి 70.

సంగీత సంస్థలు వార్షికోత్సవాలు జరుపుకునేటప్పుడు తమ ఘనతల్లోంచి తలా ఒక ముక్క ఏరి, మాలగా గుచ్చి, చివర పుష్పగుచ్ఛాలు అందుకోవడం ఆనవాయితీ. ఈ బృందం ఆ దారి పట్టలేదు. ఎక్కడ మొదలైందో అక్కడికే వెళ్లి, దేనితో మొదలైందో దానినే మళ్లీ పాడింది. అందువల్ల ఆ కచేరీ ఒక ఉత్సవంగానే కాక ఒక కొలమానంగా కూడా నిలిచింది. యూరప్‌లో పాత సంగీతాన్ని అర్థం చేసుకునే తీరు అర్ధశతాబ్దిలో ఎంత మారిందో తెలుసుకోవడానికి ఈ ఒక్క కృతి, ఈ ఒక్క బృందం చరిత్ర చాలు.

బరోక్ అనే మాటను ఇక్కడ కొంత వివరించాలి. వంకరగా, నునుపు లేకుండా పెరిగిన ముత్యాన్ని సూచించే పోర్చుగీసు పదం నుంచి అది వచ్చిందని చెబుతారు. మొదట అది ఒక నింద. సంగీత చరిత్రలో సుమారు 1600 నుండి 1750 వరకు గల కాలానికి ఆ పేరు స్థిరపడింది. ఆరంభంలో మోంటెవెర్డి (1567–1643), ముగింపులో యోహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685–1750) దానికి రెండు హద్దులు. ఆ కాలపు స్వరకర్తలు పాటకు అడుగున నడిచే మంద్ర స్వరాల వరుసను మాత్రమే రాసిపెట్టి, దానిపై నింపవలసిన స్వరాలను ఆర్గన్ లేదా వీణజాతి వాద్యం వాయించే కళాకారుని విజ్ఞతకు వదిలేసేవారు. గాయకులు చేసే అలంకారాలు కూడా చాలావరకు కాగితం మీద ఉండవు. రాసినది సగం, రాయనిది సగం. రాయని సగం గురువు నుండి శిష్యునికి, చెవి నుండి గొంతుకు అందాలి. మన సంగీతానికి ఈ మాట కొత్త కాదు.

అయితే అక్కడ ఆ గొలుసు తెగిపోయింది. పద్దెనిమిదో శతాబ్దం చివరికి అభిరుచులు మారాయి, వాద్యాలు మారాయి, రాజాస్థానాలు మారాయి. మోంటెవెర్డి కృతులను పాడేవారు లేకుండా పోయారు. 1829లో మెండెల్సన్ బెర్లిన్‌లో బాఖ్ రచించిన 'సెయింట్ మాథ్యూ పాషన్'ను తిరిగి వినిపించిన తరువాత బాఖ్ రచనలకు మళ్లీ ఆదరణ పెరిగింది. మోంటెవెర్డి మాత్రం ఇంకో వందేళ్లు ఆగవలసి వచ్చింది. 1926లో ఇటలీ స్వరకర్త జాన్ ఫ్రాంచెస్కో మాలిపియెరో ఆయన సమగ్ర రచనల ప్రచురణ ప్రారంభించారు. 1937లో పారిస్‌లో నాదియా బూలాంజే ఆయన మాడ్రిగల్ పాటలను గ్రామఫోన్ రికార్డులుగా వెలువరించారు. కాగితం దొరికింది, కాని దానిని ఎలా పాడాలో చెప్పగల గురువు బతికి లేడు. ఇరవయ్యో శతాబ్దపు బరోక్ బృందాలన్నీ ఎదుర్కొన్న సమస్య ఇదే.

ఇక ఆ కృతి సంగతి. 1610లో మోంటెవెర్డి ఉత్తర ఇటలీలోని మాంటువా నగరంలో గొంజాగా ప్రభువుల కొలువులో ఉన్నారు. మూడేళ్ల క్రితం, 1607లో, ఆయన రచించిన 'ఓర్ఫెయో' సంగీత నాటకం అక్కడే ప్రదర్శితమై పేరు తెచ్చింది. ఆ ఏడాదే భార్య క్లౌడియా మరణించారు. కొలువులో పని ఎక్కువ, జీతం సకాలంలో అందదు. ఈ స్థితిలో ఆయన ఒక ఆరాధనా సంగీతాన్ని, ఈ సాయంకాల ప్రార్థనను కలిపి వెనిస్‌లో అచ్చు వేయించి, ఐదవ పాల్ పోపుకు అంకితమిచ్చారు. ఆ పుస్తకం పట్టుకుని రోమ్‌కు వెళ్లారు. కుమారుడు ఫ్రాంచెస్కోకు అక్కడి మత విద్యాలయంలో ఉచిత ప్రవేశం దొరుకుతుందని ఆయన ఆశ. అది నెరవేరలేదు. 1612లో కొత్త ప్రభువు ఆయనను కొలువు నుండి తొలగించారు. మరుసటి సంవత్సరం వెనిస్ నగరం తన సెయింట్ మార్క్ ఆలయ సంగీతానికి ఆయనను అధిపతిగా నియమించింది. చనిపోయే వరకు, అంటే ముప్పై ఏళ్లు, ఆయన అక్కడే ఉన్నారు.

ఆ గ్రంథం ఒకే పుస్తకంగా రాలేదు. ఒక్కొక్క గొంతుకు, వాద్యానికి వేర్వేరు పుస్తకాలుగా అచ్చయింది. ఎవరి వంతు వారి చేతిలో ఉంటుంది. మొత్తం ఎవరి ముందూ ఉండదు. పాడవలసినవారు ఎందరు, ఏ వాద్యం ఎక్కడ మౌనంగా ఉండాలి, అన్ని అంశాలూ ఒకే సాయంత్రం వరుసగా పాడాలా లేక అవసరమైనవి ఏరుకోవాలా అన్న ప్రశ్నలకు ముద్రిత ప్రతి పూర్తి జవాబు ఇవ్వదు. ముత్తుస్వామి దీక్షితుల నవావరణ కీర్తనలను నవరాత్రులలో రోజుకొకటిగా పాడవచ్చు, ఒకే సభలో వరుసగానూ పాడవచ్చు. రెండూ చెల్లుతాయి, కాని వినేవారికి కలిగే అనుభవం వేరు. వెస్పర్స్ విషయంలో పండితుల వివాదం కొంత ఇలాంటిదే. మోంటెవెర్డి జీవితకాలంలో ఇది ఎక్కడ, ఎప్పుడు సంపూర్ణంగా వినిపించిందన్న దానిపై చరిత్రకారులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

కృతి నిర్మాణం తెలిస్తే శ్రోతకు సగం పని తీరుతుంది. బైబిల్ కీర్తనల గ్రంథం నుండి ఐదు కీర్తనలు, వాటి మధ్య ఒకరి నుండి ముగ్గురి వరకు పాడే గీతాలు, ఒక వాద్య ప్రధానమైన రచన, ఒక స్తోత్రం, చివర మరియమాత నోట వెలువడిన కృతజ్ఞతా గీతం 'మాగ్నిఫికాత్'. కీర్తనలన్నింటికీ ఆధారం చర్చిలో తరతరాలుగా వినిపించిన పాత జపస్వరం. రెండు మూడు స్వరాల మధ్య కదిలే ఆ నిరాడంబరమైన వరుసను మోంటెవెర్డి ఎక్కడా వదలలేదు. దాని చుట్టూ మాత్రం తన కాలపు నాటకశాలను, నృత్యశాలను తెచ్చి నిలిపారు. ప్రారంభంలోనే చూడండి: గాయకులందరూ ఒకే స్వరమేళనాన్ని పట్టుకుని ప్రార్థనా వాక్యం ఉచ్చరిస్తుంటారు. వారి మీదుగా వాద్యాలు మోగించేది 'ఓర్ఫెయో' నాటకానికి తెర లేపిన తూర్యనాదం! దేవాలయంలో నాటకశాల భేరి. నాలుగు శతాబ్దాల తరువాత కూడా ఆ ధైర్యానికి ఆశ్చర్యం కలుగుతుంది.

మధ్యలో వచ్చే గీతాలలో రెండింటిని రేడియో శ్రోతలు ప్రత్యేకంగా గుర్తించాలి. ఒకటి 'దువో సెరాఫిమ్'. ఇద్దరు దేవదూతలు ఒకరినొకరు పిలుచుకుంటారు. రెండు మగ గొంతులు ఒకదానికొకటి రాసుకుంటూ, స్వరాల మీద కంపిస్తూ సాగుతాయి. వచనంలో త్రిత్వ ప్రస్తావన రాగానే మూడో గొంతు ప్రవేశిస్తుంది. ముగ్గురూ ఒక్కరే అనే మాట దగ్గర మూడు గొంతులూ ఒకే స్వరంలో లీనమవుతాయి. వేదాంతాన్ని ఇంత సూటిగా చెవికి చూపిన సందర్భాలు అరుదు. రెండవది 'ఔదీ చేలుమ్'. ఒక గాయకుడు ఆకాశాన్ని ప్రశ్నిస్తాడు. దూరం నుండి మరో గాయకుడు ప్రతిధ్వనిగా ఆ మాట చివరి అక్షరాలను మాత్రమే తిరిగి పలుకుతాడు. ఆ ముక్కకు మరో అర్థం వస్తుంది, అదే జవాబు అవుతుంది. అచ్చుతెలుగులో యమకం ఇష్టపడేవారికి ఈ చమత్కారం బాగా నచ్చుతుంది. ప్రతిధ్వని గాయకుడు ఎక్కడ నిలబడ్డాడో కంటికి కనిపించనవసరం లేదు. కృతి మొత్తంలో రేడియోకు ఇంతకన్నా అనువైన ఘట్టం మరొకటి లేదు.

1964కు వద్దాం. గార్డినర్ కింగ్స్ కాలేజీలో చరిత్ర, అరబిక్, మధ్యయుగపు స్పానిష్ చదువుతున్నారు. సంగీతం వృత్తిగా స్వీకరించాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. ఆ కాలేజీ చాపెల్‌కు తనదైన గాయక బృందం ఉంది. దాని కీర్తి సామాన్యమైనది కాదు. 1918లో మొదలైన క్రిస్మస్ ముందురోజు ప్రార్థనను బీబీసీ 1928 నుండి అక్కడి నుంచే ప్రసారం చేస్తోంది. 1964లో ఆ బృందానికి అధిపతి డేవిడ్ విల్‌కాక్స్. బాలుర గొంతులు, మృదువైన కలయిక, అంచులు కనిపించని నునుపు వారి శైలి. ప్రపంచమంతా మెచ్చిన శైలి అది. యువకుడైన గార్డినర్‌కు మాత్రం ఆ నునుపుతో పేచీ. మోంటెవెర్డి ఇటలీవాడు, ఆయన సంగీతంలో అక్షరాలకు పదును ఉండాలి, కోపతాపాలు వినపడాలి, గొంతులకు రంగు ఉండాలి అన్నది ఆయన వాదం. విశ్వవిద్యాలయంలోని విద్యార్థి గాయకులను కూడగట్టి, ఆ నునుపుకు పుట్టినిల్లయిన మందిరంలోనే తన వాదాన్ని వినిపించారు. 'మోంటెవెర్డి గాయక బృందం' అన్న పేరు ఆ కచేరీ నుండే నిలిచింది. మొదటి అడుగు ఒక నిరసన అని అంటే తప్పు కాదు.

ఆ తరువాత ఆయన లండన్‌లో థర్‌స్టన్ డార్ట్ వద్ద, ఆపైన పారిస్‌లో నాదియా బూలాంజే వద్ద శిక్షణ పొందారు. 1968లో లండన్‌లోని ప్రామ్స్ ఉత్సవంలో వెస్పర్స్‌ను వినిపించారు. అదే ఏడు గాయకులకు తోడుగా మోంటెవెర్డి ఆర్కెస్ట్రా ఏర్పడింది. 1974లో వెస్పర్స్ తొలి రికార్డింగ్ డెక్కా సంస్థ ద్వారా వెలువడింది. అందులో వాయించినవి చాలావరకు ఆధునిక వాద్యాలే. లోహపు వాద్యాలకు ఫిలిప్ జోన్స్ బృందం, పిల్లనగ్రోవి జాతి వాద్యాలకు డేవిడ్ మన్రో బృందం తోడ్పడ్డాయి. ఈనాడు వింటే అది కొంత భారీగా అనిపిస్తుంది, కాని అందులోని ఉత్సాహం పాతబడలేదు.

మలుపు 1970 దశకం చివరిలో వచ్చింది. ఆధునిక వయొలిన్‌కు లోహపు తంత్రులు, బిగువు ఎక్కువ, నాదం పెద్దది. మోంటెవెర్డి కాలపు వయొలిన్‌కు గొర్రె పేగులతో చేసిన తంత్రులు, విల్లు వంపు వేరు, నాదం చిన్నది కాని మాటకు దగ్గరగా ఉంటుంది. కోర్నెట్టో అనే వాద్యం ఉంది: వంపు తిరిగిన కర్రకు తోలు చుట్టి, మన సన్నాయిలా వేళ్లతో మూసే రంధ్రాలు పెట్టి, ట్రంపెట్‌లా పెదవుల అదురుతో ఊదుతారు. మనిషి గొంతును అనుకరించడంలో దానికి సాటి లేదని ఆనాటివారు రాసుకున్నారు. వాయించడం మహా కష్టం. ఇరవయ్యో శతాబ్దం మధ్య నాటికి దానిని వాయించగలవారు వేళ్లమీద లెక్కపెట్టేటంతమంది. ఆధునిక వాద్యాలపై ఎంత శ్రమించినా తాను కోరిన నాదం రాదని గ్రహించిన గార్డినర్ పాత ఆర్కెస్ట్రాను పక్కనపెట్టి, ఆనాటి వాద్యాలతో 1978లో ఇంగ్లిష్ బరోక్ సోలోయిస్ట్స్ బృందాన్ని స్థాపించారు. పదేళ్లు కలిసి పనిచేసిన వాద్యకారులలో కొందరికి అది బాధాకరమైన విడిపోవడమే. కొత్త వాద్యం నేర్చుకోవడమా, వేరే దారి చూసుకోవడమా అన్న ప్రశ్న ఆ తరం కళాకారులు చాలామందికి ఎదురైంది.

శ్రుతి విషయం ఇంకా ఆసక్తికరం. నేడు లోకమంతటా ఒక ప్రమాణ స్వరానికి సెకనుకు 440 కంపనాలు. బాఖ్ సంగీతానికి పాత వాద్య బృందాలు సాధారణంగా 415 వాడతాయి. మోంటెవెర్డి కాలపు వెనిస్‌లో కోర్నెట్టోల శ్రుతి దాదాపు 465, అంటే నేటికంటే ఎక్కువ. ఆర్గన్ మెట్లను సమాన భాగాలుగా కాక గాంధారం స్వచ్ఛంగా పలికేలా అమర్చేవారు. తంబురా నాదంలో అంతర గాంధారం దానంతటదే వినిపించినప్పుడు కలిగే నిమ్మళం ఎలాంటిదో మన శ్రోతలకు వివరించనక్కరలేదు. స్వరస్థానాలు బిగుసుకుపోయిన వాద్యమని, గమకానికి లొంగదని 1940లో ఆకాశవాణి హార్మోనియంను తన ప్రసారాల నుండి తప్పించి, మూడు దశాబ్దాల పాటు దూరంగా ఉంచింది. ఆ నిర్ణయం మంచిచెడ్డలపై వాదన నేటికీ సాగుతోంది. కాని సమాన విభజన వల్ల స్వరం ఏదో కోల్పోతుందన్న ఆలోచన రెండు ఖండాలలోనూ ఒకే శతాబ్దంలో తలెత్తడం గమనించదగినది.

1989లో బృందానికి 25 ఏళ్లు నిండాయి. మళ్లీ వెస్పర్సే. ఈసారి వేదిక వెనిస్‌లోని సెయింట్ మార్క్ ఆలయం, మోంటెవెర్డి ముప్పై ఏళ్లు పనిచేసిన చోటు. ఎదురెదురు మాడంతస్తుల నుండి గాయకులు, వాద్యకారులు ఒకరికొకరు బదులిచ్చేందుకు ఆ ఆలయం ప్రసిద్ధి. గాయకులలో అప్పటికి ఇరవైల్లో ఉన్న వేల్స్ యువకుడు బ్రిన్ టెర్ఫెల్ ఒకరు. తరువాతి కాలంలో ప్రపంచ ప్రఖ్యాత ఒపెరా గాయకుడయ్యారు. ఆర్కైవ్ సంస్థ విడుదల చేసిన ఆ రికార్డింగ్ ద్వారానే ఎన్నో దేశాల శ్రోతలు ఈ కృతిని మొదటిసారి విన్నారు. 1974 నాటి రికార్డింగ్, 1989 నాటి రికార్డింగ్ ఒకదాని తరువాత ఒకటి వింటే పదిహేనేళ్లలో వచ్చిన మార్పు ఏ పుస్తకమూ చెప్పలేనంత స్పష్టంగా అర్థమవుతుంది. వాద్యాలు తేలికయ్యాయి, తాళం నాట్యమాడింది, మాట ముందుకు వచ్చింది.

అభ్యంతరాలు లేకపోలేదు. కీర్తనలలో ఒకదానిని, మాగ్నిఫికాత్‌ను మోంటెవెర్డి రాసిన సంకేతాలను బట్టి నాలుగు స్వరాలు దించి పాడాలని ఆండ్రూ పారట్ అనే మరో నిర్దేశకుడు 1984లో సోదాహరణంగా వాదించారు. దించి పాడితే ముగింపు గంభీరంగా, శాంతంగా ఉంటుంది. దించకపోతే గొంతులు, కోర్నెట్టోలు శిఖరానికెక్కి దేదీప్యమానంగా ఉంటుంది. పండితులలో పారట్ వాదనకే మొగ్గు ఎక్కువ. గార్డినర్ 1989లో దించలేదు. అలాగే, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క గాయకుడు చాలునని వాదించే వర్గం ఉంది. ఈయన మాత్రం నిండైన బృందగానాన్నే ఎంచుకున్నారు. చారిత్రక ప్రామాణికతను జెండాగా ఎత్తిన ఉద్యమంలో ఉంటూ, నాటకీయత దగ్గరకు వచ్చేసరికి తన చెవినే ప్రమాణంగా తీసుకున్నారన్న విమర్శ అందుకే వచ్చింది. ఆ విమర్శలో నిజం ఉంది. ఆ నాటకీయతే ఆయనకు శ్రోతలను సంపాదించిపెట్టిందన్నదీ నిజమే.

బృందం చరిత్రలో మరొక సాహసాన్ని చెప్పకుండా ముందుకు పోలేము. బాఖ్ మరణించి 250 ఏళ్లు నిండిన 2000 సంవత్సరంలో, ఆయన రచించిన చర్చి కాంటాటాలలో లభ్యమైన 198 కృతులను ఏ ఆదివారానికి, ఏ పండుగకు రాశారో ఆ రోజునే, ఊరూరా చర్చిలలో పాడుతూ ఏడాదంతా యాత్ర చేశారు. 1999 క్రిస్మస్ నాడు జర్మనీలోని వైమార్‌లో మొదలైన ఈ యాత్ర 2000 చివరి రోజున న్యూయార్క్‌లో ముగిసింది. పెద్ద రికార్డింగ్ సంస్థ మధ్యలో వెనక్కు తగ్గింది. దాంతో 2005లో బృందమే 'సోలి దేయో గ్లోరియా' అనే సొంత సంస్థ నెలకొల్పి ఆ రికార్డింగులను విడుదల చేసింది. తమ వద్ద చేరే యువ గాయకుల శిక్షణకు 2007లో ఒక పథకం ప్రారంభించారు. తెగిపోయిన గొలుసుకు కొత్త కడియాలు తొడిగే పని అది.

ఇంత నడక తరువాత 2014 మార్చి 5. కింగ్స్ చాపెల్‌కు పునాది 1446లో పడింది, కట్టడం 1515లో పూర్తయింది. పొడవు సుమారు 88 మీటర్లు. రాతితో చెక్కిన విసనకర్రల వంటి కప్పు దాని విశేషం. ఆ ఎత్తులో స్వరం త్వరగా చావదు; పాడిన మాట వెనుక దాని నీడ కొంతసేపు తిరుగుతుంది. వేగంగా సాగే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసి మసకబారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అక్షరాల పదునే తన పంతమైన వ్యక్తి తన తొలి వేదికగా అలాంటి చోటును ఎంచుకోవడం 1964లో ఎంత తెగువో ఆ మందిరంలో ఒక్కసారి నిలబడినవారికి తెలుస్తుంది. 1964లో బీబీసీకి రేడియో 3 అనే పేరుతో ఒక వాహిని లేనే లేదు. ఆ పేరు 1967లో వచ్చింది. 2014లో ఆ రాతి కప్పు కింద పలికిన స్వరాన్ని దేశమంతటా, అంతర్జాలం ద్వారా దేశాంతరాలలోనూ ఒకే సమయంలో విన్నారు.

ఒక చిన్న వైచిత్రి. 2014లో మార్చి 5 భస్మ బుధవారం. క్రైస్తవులకు నలభై రోజుల ఉపవాస దీక్ష మొదలయ్యే రోజు. ఆ దీక్షాకాలంలో చర్చి ఆరాధనలో 'అల్లెలూయా' అనే ఆనంద వాచకం పలకరు. మోంటెవెర్డి కృతి మొదటి అంకం ముగిసేది ఆ మాటతోనే. ఆరాధనగా అయితే ఆ రోజున అది కుదరదు, కచేరీగా కుదురుతుంది. మందిరం ఒకటే, ప్రయోజనం వేరు. ఈ సంగీతం ప్రార్థన నుండి విడివడి కచేరీ వేదికకు చేరిన ప్రయాణాన్ని పంచాంగమే ఆ రోజు గుర్తుచేసింది.

స్వర్ణోత్సవం ఆ ఒక్క సాయంత్రంతో ముగియలేదు. అదే మార్చిలో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజప్రాసాదపు ప్రార్థనా మందిరంలో వెస్పర్స్‌ను వినిపించారు. ఆ ప్రదర్శనను చిత్రీకరించి తరువాత విడుదల చేశారు. 2017లో మోంటెవెర్డి 450వ జయంతికి, మిగిలివున్న ఆయన మూడు సంగీత నాటకాలనూ యూరప్, అమెరికా నగరాలలో ప్రదర్శించారు. 2023 మే నెలలో లండన్‌లో రాజు చార్లెస్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పాడిన, వాయించిన బృందాలలో ఇవీ ఉన్నాయి.

ఆపైన కథ మారింది. 2023 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని లా కోట్ సాంతాంద్రేలో బెర్లియోజ్ ఉత్సవం జరుగుతుండగా, కచేరీ అనంతరం వేదిక వెనుక గార్డినర్ ఒక గాయకునిపై చేయి చేసుకున్నారన్న వార్త వెలువడింది. ఆయన బహిరంగంగా క్షమాపణ చెప్పి, పర్యటన నుండి తప్పుకున్నారు. మిగిలిన కచేరీలను సహ నిర్దేశకుడు డినిస్ సౌసా నడిపించారు. 2024 జూలైలో, ఆయన తిరిగి రాబోవడం లేదని బృందం ప్రకటించింది. ఆ సెప్టెంబరులో ఆయన కాన్‌స్టెలేషన్ అనే పేరుతో మరో గాయక, వాద్య బృందాన్ని ప్రకటించారు. స్థాపకుడు ఒక చోట, ఆయన స్థాపించిన పేరు మరొక చోట.

ఇది కేవలం ఒక వ్యక్తి ప్రవర్తన గురించిన వార్త కాదు. యూరప్‌లోని పేరొందిన బరోక్ బృందాలు చాలావరకు ఒక్కొక్క స్థాపకుని చెవి చుట్టూ అల్లుకున్నవే. ప్రభుత్వ ఆర్కెస్ట్రాలలో లాగా నెలజీతాలు ఉండవు. గాయకులు కచేరీకి పిలిస్తే వచ్చి పాడి వెళ్లే స్వతంత్ర కళాకారులు. ఎవరిని పిలవాలో, ఎవరిని పిలవకూడదో నిర్ణయించేది ఒక్కరే అయినప్పుడు, ఆ ఒక్కరి ఆగ్రహాన్ని నోరు మెదపకుండా భరించడం అలవాటుగా మారుతుంది. గురువు కోపాన్ని విద్యలో భాగంగా భావించిన సంప్రదాయం నుండి వచ్చిన మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు. అప్పటి మౌనం ఇప్పటి తరానికి సమ్మతం కాదు, కాకూడదు కూడా. 1964లో పెద్దల శైలిని ప్రశ్నించిన విద్యార్థికి, అరవై ఏళ్ల తరువాత తన బృందం నుండే ప్రశ్న ఎదురైంది.

అరవయ్యో ఏట, 2024 మే నెలలో, లండన్‌లోని సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ చర్చిలో బీథోవెన్ సింఫనీల వరుస కచేరీ జరిగింది. గార్డినర్ 1989లో నెలకొల్పిన మూడో బృందం, ఆర్కెస్ట్రా రెవొల్యూషనేర్ ఎ రొమాంటిక్, అందులో వాయించింది. తొలుత ఆయన నిర్వహిస్తారని అనుకున్న ఆ కచేరీలను డినిస్ సౌసా నడిపించారు. తొమ్మిదో సింఫనీలో మోంటెవెర్డి గాయక బృందం పాడింది.